డబ్బా మీద రాసిందే వేదమా?

నింటెండో స్విచ్ అనే ఆట పెట్టె 2017 మార్చి 3న మార్కెట్లోకి వచ్చింది. దాని తమ్ముడు స్విచ్ 2 కూడా 2025 జూన్ 5న వచ్చేసింది. అయినా మన ఐటీ జనాల్లో ఒక వాదన మాత్రం ఇప్పటికీ తెగట్లేదు. అది టీవీకి తగిలించుకునే కన్సోలా, చేతిలో పట్టుకుని ఆడుకునేదా, లేక రెండూనా?

ఈ చర్చ ఎక్కడొచ్చినా ముగ్గురు మనుషులు తప్పకుండా ఉంటారు. ఒకాయన "కన్సోలు అన్నాక ప్లేస్టేషన్‌లాగా ఉండాలండీ, ఇదేం గ్రాఫిక్సు" అని పెదవి విరుస్తాడు. రెండో ఆయన "అరచేతిలో పట్టేదానికి ఇంతకంటే ఏం కావాలి, అద్భుతం" అంటాడు. మూడో ఆయన మేధావి. "అది హైబ్రిడ్. దాన్ని దేంతోనూ పోల్చకూడదు" అని తీర్పు చెప్పి టీ తాగడానికి వెళ్ళిపోతాడు.

ముగ్గురూ మాట్లాడేది ఒకే వస్తువు గురించి. కానీ ముగ్గురి చేతుల్లోనూ మూడు వేరువేరు కొలబద్దలున్నాయి. ఆ కొలబద్దలు వాళ్ళు తయారు చేసుకున్నవి కావు. అమ్మేవాడు డబ్బాతో పాటు ఉచితంగా ఇచ్చినవి.

నేను చెప్పదల్చుకున్నది ఇంతే. లేబులు ఉన్నది వస్తువు ఏమిటో చెప్పడానికి కాదు. దాన్ని దేంతో పోల్చాలో, ముఖ్యంగా దేంతో పోల్చకూడదో చెప్పడానికి. పోలిక ఎవరి చేతిలో ఉంటే తీర్పు వాళ్ళ చేతిలో ఉంటుంది. నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివి, రోజూ స్పెసిఫికేషన్లు చదివి బతికే మనం, ఆ పోలికని అమ్మేవాడికి అప్పజెప్పి, ఆ తరవాత వాడిచ్చిన కర్రలతో ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటున్నాం. నాకు మంట ఇక్కడే.

ముందు లేబులు పీకేసి పెట్టె విప్పి చూద్దాం. 2017 స్విచ్ లోపల ఉన్నది ఎన్విడియా వాళ్ళ టెగ్రా ఎక్స్1 చిప్పు. 2015లో వచ్చిన ఎన్విడియా షీల్డ్ టీవీ పెట్టెలో వాడింది కూడా ఆ చిప్పే. 4 జీబీ మెమరీ, 32 జీబీ స్టోరేజి, 6.2 అంగుళాల 720పి టచ్ స్క్రీను, ఒక బ్యాటరీ, ఒక చిన్న ఫ్యాను. పక్కన ఊడదీసి పెట్టుకునే రెండు కంట్రోలర్లు. ఇదీ సరుకు. మరి ఆ డాక్ సంగతేంటి? చాలామంది డాక్‌లో ఏదో అదనపు బుర్ర ఉందనుకుంటారు. ఏమీ లేదు. కరెంటు, హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ పోర్టులు, అంతే. గోడలోంచి కరెంటు వస్తోంది కాబట్టి బ్యాటరీ భయం లేకుండా లోపలి గ్రాఫిక్స్ చిప్పు దాదాపు రెట్టింపు వేగంతో పరిగెడుతుంది. ఆ మహత్తర "హైబ్రిడ్" రహస్యం ఇంతే.

మనం రోజూ ఆఫీసుకెళ్ళి ల్యాప్‌టాపుని మానిటరుకి తగిలిస్తాం. సాయంత్రం పీకి సంచీలో వేసుకుంటాం. దాన్నెవరైనా "హైబ్రిడ్ డెస్క్‌టాప్" అన్నారా? లేదే! ఎందుకంటే ల్యాప్‌టాపు అమ్మేవాడికి ఆ మాటతో పని పడలేదు.

పోనీ ఈ ఐడియా నింటెండోతోనే పుట్టిందా అంటే అదీ కాదు. 1995లో సెగా వాళ్ళు నోమాడ్ అని ఒకటి తెచ్చారు. వాళ్ళ ఇంటి కన్సోలు జెనెసిస్ క్యాసెట్లే అందులో పెట్టి చేతిలో పట్టుకుని ఆడొచ్చు, కావాలంటే టీవీకీ తగిలించుకోవచ్చు. 2007లో వచ్చిన సోనీ పీఎస్‌పీ రెండో మోడల్‌ని కూడా కేబులుతో టీవీకి పెట్టుకోవచ్చు. వీటిని ఎవరూ హైబ్రిడ్ అనలేదు. పని అప్పటికే ఉంది, పేరే లేదు. బ్యాటరీలు, చిప్పులు అప్పటికింకా అంత గొప్పగా లేవన్నది నిజమే, కాదనను. కానీ "కొత్త జాతి వస్తువు పుట్టింది" అన్నది మాత్రం మార్కెటింగు వాళ్ళ కవిత్వం.

ఇప్పుడు అసలు తమాషా చూడండి. 2016 అక్టోబరు 20న నింటెండో మొదటి వీడియో వదిలింది. దాదాపు మూడున్నర నిమిషాలు. విమానంలో ఆడతారు, బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన ఆడతారు, మేడ మీద పార్టీలో ఆడతారు. చిన్నపిల్లలు కనపడరు. అందరూ మన వయసు వాళ్ళే, ఉద్యోగం చేసుకునేవాళ్ళు, జేబులో డబ్బులున్నవాళ్ళు. వీడియోలో సగం పైగా ఇంటి బయటే జరుగుతుంది. కానీ కంపెనీ దానికి పెట్టిన పేరు మాత్రం "హోం గేమింగ్ సిస్టం". చూపించేది వీధి, చెప్పేది ఇల్లు!

ఎందుకలా? నాకు కనపడిన కారణాలు రెండు. ఇవి నా అంచనాలే గానీ లెక్క సరిపోతోందో లేదో మీరే చూడండి.

మొదటిది, ఇంట్లో పెద్దకొడుకు. అప్పటికి నింటెండో 3డీఎస్ అనే చేతి ఆట పెట్టెని ఇంకా అమ్ముకుంటోంది. స్విచ్‌ని కూడా చేతి పెట్టె అన్నారంటే 3డీఎస్ ఆ రోజే మూలపడుతుంది. అందుకే స్విచ్ వచ్చిన నాలుగు నెలలకి, 2017 జులైలో, అదే కుటుంబంలో న్యూ 2డీఎస్ ఎక్స్ఎల్ అని మరో చేతి పెట్టెని దింపారు. "అది ఇంటికి, ఇది చేతికి, రెండూ కొనుక్కోండి" అన్నమాట.

రెండోది డబ్బు. 3డీఎస్‌ని 2011లో అమెరికాలో 249.99 డాలర్లకి తెచ్చారు. అమ్మకాలు నీరసించి ఆరు నెలలు తిరక్కముందే 169.99కి దించారు. చేతి పెట్టెకి 250 డాలర్లు ఎక్కువ అని జనం తేల్చేశారన్నమాట. మరి ఆరేళ్ళ తరవాత వచ్చిన స్విచ్ ధర ఎంత? 299.99 డాలర్లు. చేతి పెట్టె అంటే దోపిడీ అంటారు. ఇంటి కన్సోలు అంటే "ఫర్వాలేదు, చవకే" అంటారు. అంకె ఒకటే, పక్కన పెట్టిన పోలిక మారింది.

ఆ లేబులు తాత్కాలిక అవసరమే అనడానికి సాక్ష్యం 2019 సెప్టెంబరు 20న దొరికింది. స్విచ్ లైట్ వచ్చింది. 199.99 డాలర్లు. కంట్రోలర్లు ఊడవు, టీవీకి తగలదు. పూర్తిగా చేతి పెట్టె. స్విచ్ అవ్వని స్విచ్! ఇన్నాళ్ళూ "ముందు ఇంటి కన్సోలు, తరవాతే ఏదైనా" అన్న కంపెనీకి ఇప్పుడు చేతి పెట్టె అనడానికి అడ్డు లేకుండా పోయింది. 3డీఎస్ పనైపోతోంది మరి. 2020 సెప్టెంబరులో దాని తయారీ ఆపేశారు కూడా. వస్తువు స్వభావాన్ని బట్టి లేబులు మారలేదు. కంపెనీ అవసరాన్ని బట్టి మారింది.

లేబులు తప్పితే ఏమవుతుందో కూడా ఇదే కంపెనీ చూసింది. 2012 నవంబరులో వచ్చిన వీ యూ. దానికి ముందు వచ్చిన వీ పది కోట్లకి పైగా అమ్ముడుపోయింది కదా, ఆ పేరు చివర ఒక అక్షరం తగిలిస్తే చాలనుకున్నారు. పైగా 2011లో మొదటిసారి చూపించినప్పుడు స్క్రీనున్న కంట్రోలరునే ఎక్కువ చూపించి పెట్టెని మరుగున పడేశారు. ఇది కొత్త కన్సోలు కాదు, పాత వీకి తగిలించుకునే సామాను అనుకున్నారు బోలెడుమంది. మొత్తం అమ్మకాలు 1.36 కోట్లు కూడా దాటలేదు. దాని మీద 2014లో వచ్చిన మారియో కార్ట్ 8 అక్కడ 85 లక్షల లోపే ఆగిపోయింది. అదే ఆటకి కాస్త మెరుగులు దిద్ది 2017లో స్విచ్ మీద "డీలక్స్" అని అమ్మితే ఆరు కోట్లు దాటింది. వీ యూ కంట్రోలరుని ఇల్లు దాటించడం కుదరదు, స్విచ్‌ని ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చు, కాబట్టి తేడా అంతా పేరుదే అనను. కానీ పేరుది కాదని మాత్రం ఎవరూ అనలేరు.

ఈ విద్య ఆ కంపెనీకి కొత్త కాదు, పుట్టుకతో వచ్చింది. 1983లో జపాన్లో వాళ్ళు తెచ్చిన యంత్రం పేరు "ఫ్యామిలీ కంప్యూటర్". అదే ఏడు అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. బొమ్మల కొట్లవాళ్ళు "వీడియో గేము" అన్న మాట వింటేనే తలుపేసేవాళ్ళు. అందుకని 1985లో అక్కడికి తీసుకెళ్ళేటప్పుడు దాని పేరు "ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టం" అయింది. యంత్రం "కంట్రోల్ డెక్" అయింది, క్యాసెట్టు "గేమ్ ప్యాక్" అయింది, బొమ్మల కొట్టువాణ్ణి ఒప్పించడానికి తోడుగా ఒక రోబో కూడా వచ్చింది. క్యాసెట్టు పెట్టే విధానం వీసీఆర్‌లాగా మార్చారు. లోపల మారియో మాత్రం అదే మారియో.

ఆ యంత్రమే మన దాకా వచ్చేసరికి ఇంకో అవతారం. మన దేశంలో సమురాయ్ అనే పేరుతో అమ్మారు. తరవాత దానికి నకళ్ళు వెల్లువెత్తాయి. మాది ఎ.కొండూరు. విజయవాడ నుంచి మైలవరం మీదుగా తిరువూరు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. (ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. లేబులు మారింది, రోడ్డు అదే!) నా చిన్నప్పుడు మా వైపు కూడా ఆ నకళ్ళు దొరికేవి. వాటి పసుప్పచ్చ క్యాసెట్ల మీద "9999999 ఇన్ 1" అని రాసుండేది. లోపల ఉండేవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఆటలు, అవే మళ్ళీ మళ్ళీ. డూప్లికేట్ రికార్డులంటే ఏమిటో నాకు డేటాబేసు పుస్తకం కంటే ముందు ఆ క్యాసెట్టే నేర్పింది :)

ఆ నకళ్ళలో రెండు రకాలు. ఉత్త కంట్రోలర్లున్నది "టీవీ గేము". దానికే కీబోర్డు అతికిస్తే "కంప్యూటర్". మన ఇళ్ళలో మొదటి దానికి తిట్లు, రెండో దానికి డబ్బులు. "గేములాడితే చెడిపోతాడు, కంప్యూటర్ నేర్చుకుంటే అమెరికా వెళతాడు". 2000 తరవాతి ఆ రోజుల్లో కంప్యూటర్ అన్న మాట పెట్టి రాయి అమ్మినా కొనేవాళ్ళం. పాపం పెద్దవాళ్ళని అనలేం, వాళ్ళకి తెలిసిన ఆధారం డబ్బా మీది అక్షరాలే. చైనాలోనూ ఇదే కథ. అక్కడ సుబోర్ అనే కంపెనీ కీబోర్డున్న నకలుని "లెర్నింగ్ మెషీన్" అని, ఏకంగా జాకీ చాన్‌తో ప్రకటన చేయించి మరీ అమ్మింది. 2000 నుంచి 2015 దాకా కన్సోళ్ళ మీద నిషేధం నడిచిన దేశం అది.

ఇప్పటికీ మారింది లేదు. అదే పిల్లాడి చేతిలో అదే సైజు స్క్రీను. "గేము" అంటే లాక్కుంటారు, "లెర్నింగ్ యాప్" అంటే ఈఎంఐ కడతారు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు పంచినప్పుడు మంచిదా చెడ్డదా అని పెద్ద రగడే జరిగింది. ఆ రగడలో కూడా ఎక్కువమంది ట్యాబ్ అన్న మాటతోనే పోట్లాడారు. పిల్లాడు దాంతో రోజూ ఏం చేస్తున్నాడని అడిగినవాళ్ళు తక్కువ.

పెద్దవాళ్ళు, పిల్లలు సరే. సర్కార్లూ లేబుళ్ళనే చదువుతాయి. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ల్యాప్‌టాపు మీద పన్ను 18 శాతం, మొబైల్ ఫోను మీద 12 శాతం, వీడియో గేము కన్సోలు మీద 28 శాతం. రోజంతా క్యాండీ క్రష్ ఆడే ఫోనుకి 12, వారానికి రెండు గంటలు ఆడే కన్సోలుకి 28! 2019 జనవరి 1 నుంచి కన్సోళ్ళని 18కి దించారు. యూరప్‌లో సోనీ వాళ్ళు ఇంకో ఎత్తు వేశారు. 2000లో ప్లేస్టేషన్ 2 డబ్బాలో యాబేసిక్ అనే చిన్న ప్రోగ్రామింగు భాషని కూడా డిస్కులో పెట్టి, "మాది ఆట పెట్టె కాదు, కంప్యూటర్" అని సుంకం తగ్గించుకోవడానికి కోర్టుల్లో ఏళ్ళ తరబడి వాదించారు. మన ఊళ్ళో కీబోర్డు అతికించినవాడికీ, ఆ బహుళజాతి కంపెనీకీ తేడా ఏమన్నా ఉందా? ఇద్దరికీ తెలిసిన సూత్రం ఒకటే.

ఇక మన రివ్యూ పండితుల సంగతి. స్విచ్ స్క్రీను 720పి అంటే "ఈ కాలంలో ఇదేంటి" అని ఏడ్చారు. 2022లో వాల్వ్ వాళ్ళ స్టీమ్ డెక్ 1280 బై 800 స్క్రీనుతో వచ్చింది. చేతిలో పట్టుకుని ఆడొచ్చు, డాక్ కొనుక్కుంటే టీవీకి తగిలించొచ్చు. అయిదేళ్ళ తరవాత కూడా స్క్రీను కొలత దాదాపు అదే. కానీ దాని లేబులు "చేతిలో పట్టే పీసీ". దాంతో గొంతు మారిపోయింది. "ఆహా, పీసీ చేతిలో ఇమిడిపోయింది" అన్నారు. ఒకదాన్ని పైనున్న దాంతో పోల్చి తిట్టారు, రెండోదాన్ని కిందనున్న దాంతో పోల్చి పొగిడారు. డెక్ చిప్పు మెరుగైనదే, ఒప్పుకుంటాను. కానీ స్క్రీను మీద ఏడుపు ఏమైపోయింది?

మైక్రోసాఫ్ట్ అయితే సిగ్గు పూర్తిగా వదిలేసింది. 2024 నవంబరులో "ఇది ఎక్స్‌బాక్స్" అని ప్రచారం మొదలెట్టి ఫోను, టీవీ, ల్యాప్‌టాపు అన్నీ ఎక్స్‌బాక్సులే అంది. 2025 అక్టోబరులో ఆసుస్‌తో కలిసి ఎక్స్‌బాక్స్ పేరుతోనే చేతి పెట్టె తెచ్చింది. విప్పి చూస్తే విండోస్ పీసీ. అటక మీదున్న ఎక్స్‌బాక్స్ డిస్కులు దాంట్లో ఆడవు. అన్నీ ఎక్స్‌బాక్సే అయినప్పుడు ఆ మాటకి అర్థం ఏం మిగిలినట్టు?

ఇప్పుడు లేబులు పక్కనపెట్టి మా ఊరి ఇంటి లెక్క వేద్దాం. మా వైపు మామూలు ఇంట్లో టీవీ ఒకటే, హాల్లో ఉంటుంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా అది అమ్మది, నాయనమ్మది. మధ్యలో దొరికిన అరగంట వార్తల కోసం నాన్నది. దాని మీద కుర్రాడికి హక్కు లేదు. ఎండాకాలం కరెంటు పోతుంది. ఈ ఇంట్లో స్విచ్ డాక్ అలంకారానికే పనికొస్తుంది. అక్కడ అది నూటికి నూరుపాళ్ళూ చేతి పెట్టె, బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్నదే అసలు ప్రశ్న. అదే పెట్టె కొండాపూర్‌లో నలుగురు బ్రహ్మచారులుండే ఫ్లాటుకి వెళితే టీవీ ఖాళీ, డాక్‌లోంచి బయటికే రాదు. అక్కడది ఇంటి కన్సోలు. అదే పెట్టె డాలస్‌లో ఉన్న మన వాళ్ళ కారు వెనక సీట్లో పిల్లల నోరు మూయించే సాధనం. ఒక యంత్రం, మూడు ఇళ్ళు, మూడు వస్తువులు. అది ఏమిటో తేల్చేది కొన్నవాడి ఇల్లు. క్యోటోలో కూర్చున్న మార్కెటింగు మేనేజరు కాదు.

మనకి నిజంగా కావలసిన సంగతులు డబ్బా మీద రాయరు. 2017లో స్విచ్ వచ్చినప్పుడు నింటెండో దాన్ని మన దేశంలో అధికారికంగా అమ్మకానికి పెట్టలేదు. అన్నయ్య సూట్‌కేసులో రావాలి, లేదా దిగుమతి చేసుకునే కొట్లో దొరకాలి. ఆ కంట్రోలర్లకి ఒక జబ్బుంది, ముట్టుకోకపోయినా బొమ్మ దానంతటది పక్కకి జరుగుతుంది. దీని మీద అమెరికాలో 2019 నుంచి కోర్టు కేసులు నడిచాయి, కంపెనీ అక్కడ ఉచితంగా బాగుచేసి ఇచ్చింది. సూట్‌కేసులో వచ్చిన పెట్టెకి తిరువూరులో ఆ సేవ ఎవరు చేస్తారు? హైబ్రిడ్డా కాదా అని మూడు గంటలు వాదించుకున్న మహానుభావుల్లో ఈ ప్రశ్న అడిగినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు.

స్విచ్ 2తో ఇంకో మాట పుట్టింది, "గేమ్ కీ కార్డ్". కొన్ని ఆటల డబ్బాల్లో ఉండే కార్డులో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆటంతా నెట్లోంచి దింపుకోవాలి, ఆడేటప్పుడు కార్డు కూడా పెట్టాలి. డబ్బా ముందు వైపే ఆ సంగతి రాస్తున్నారు, అంతవరకు నిజాయితీయే. కానీ మన బుర్రలో "కార్డు" అంటే ఆట లోపల ఉన్నదని ముప్పై ఏళ్ళ అలవాటు. నెట్ నత్తనడక నడిచే పల్లెటూళ్ళో పదుల జీబీలు దింపుకోవడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? పైగా ఆ సర్వరు ఎల్లకాలం ఉంటుందన్న హామీ ఎవరిచ్చారు? ఇదే కంపెనీ 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ దుకాణంలో కొత్త కొనుగోళ్ళు 2023 మార్చిలో ఆపేసింది.

"ఆట పెట్టె గురించి ఇంత గోలెందుకయ్యా" అంటారేమో. గోల ఆట పెట్టె గురించి కాదు, అలవాటు గురించి. మా మండలంలో తండాల్లో కిడ్నీ జబ్బుల సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. నీళ్ళంటే భయపడే చోటది. జనం ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కుంటారు. ఆ నీళ్ళ పేరు "మినరల్ వాటర్". ఆర్వో యంత్రం చేసే పనే నీళ్ళలోని ఖనిజాలు తీసెయ్యడం. తీసేసినదాని పేరే మినరల్! క్యాను కొనడం తప్పని నేననట్లేదు. ఆ నీళ్ళు ఎవరు పరీక్షించారు, ఎప్పుడు పరీక్షించారు అని అడక్కుండా పేరుతో ధైర్యం తెచ్చుకుంటున్నాం అంటున్నా. ఆట పెట్టె లేబులు నమ్మితే పోయేది డబ్బు. అన్నిచోట్లా పోయేది డబ్బే కాదు.

ఇంకా దగ్గరికొద్దాం, మన సీట్లోకే. హైబ్రిడ్ అన్న మాట ఇప్పుడు మన ఉద్యోగానికీ తగిలించారు. పగలు ఆఫీసులో డాక్ చేస్తారు, రాత్రి ఇంట్లో చేతి పెట్టె మోడ్‌లో వాడతారు. బ్యాటరీ మాత్రం అదే! నేను పనిచేసిన ఒక కంపెనీలో టెస్టింగు చేసే టీముకి ఒక అప్రైజల్ సీజన్లో పేరు మార్చి "క్వాలిటీ ఇంజనీరింగు" అన్నారు. మనుషులు వాళ్ళే, స్క్రిప్టులు అవే, జీతాలు అవే. మారింది క్లయింటుకి చూపించే స్లైడు. అదే చోట ప్రాజెక్టు అయిపోయిన వాళ్ళకి "బెంచ్" అని లేబులు. ఆరేళ్ళు రాత్రింబవళ్ళు ప్రొడక్షన్ మోసినవాడు శుక్రవారం దాకా "కీ రిసోర్సు", సోమవారం నుంచి "బెంచ్". నైపుణ్యం రెండు రోజుల్లో ఆవిరవ్వలేదు, కొలబద్ద మార్చారు. కీ రిసోర్సుని పనితో కొలుస్తారు, బెంచ్‌ని ఖర్చుతో కొలుస్తారు. ఆ తరవాత జరిగేది మనందరికీ తెలుసు. సర్వర్‌లెస్‌లో సర్వరుంటుందని చిరునవ్వు నవ్వే మనం, మన పక్క సీటువాడి మీద వేసిన లేబుల్ని మాత్రం నమ్మేసి వాడితో లంచ్‌కి వెళ్ళడం మానేస్తాం.

"లేబుళ్ళు లేకపోతే కొట్లో అరలెలా సర్దుతారు, జనం ఎలా వెతుక్కుంటారు" అనొచ్చు. నిజమే. లేబులు పుస్తకం వెనకాల సూచికలాంటిది, పేజీ నంబరు చెబుతుంది. సూచిక చదివి పరీక్ష రాసేవాణ్ణి ఏమంటాం? "పదిహేను కోట్లకి పైగా స్విచ్‌లు అమ్ముడయ్యాయి, ఇంతమంది మోసపోయారా" అని కూడా అనొచ్చు. మోసపోయారని నేనెక్కడా అనలేదు. యంత్రం మంచిది, దాని ఆటలు ఇంకా మంచివి. అవి బాగుండటం వల్లే ఆ లేబులు నిలబడింది. లేబులొక్కటే చాలితే ఆ దేవుడిచ్చిన "వీ" పేరుతో వీ యూ కూడా పదికోట్లు అమ్ముడుపోవాలి. నా ఫిర్యాదు అమ్మేవాడి మీద కంటే మన మీదే ఎక్కువ. వాడి పని వాడు చేస్తున్నాడు. మన పని మనం చెయ్యట్లేదు.

ఆ పని పెద్ద కష్టమేం కాదు. ఈసారి ఏదైనా కొనేముందు, పొగిడేముందు, తిట్టేముందు, నామవాచకాలు తీసేసి నాలుగు ప్రశ్నలడగండి. లోపల ఏముంది? మా ఇంట్లో, మా కరెంటుతో, మా నెట్‌తో అది రోజూ ఏం చేస్తుంది? పాడైతే ఎవరు బాగుచేస్తారు? పదేళ్ళ తరవాత అది ఇంకా నాదేనా? కన్సోలు, పీసీ, హైబ్రిడ్, స్మార్ట్, లెర్నింగ్ అన్న మాటలు వాడకుండా ఈ నాలుగింటికీ సమాధానం చెప్పగలిగితే ఆ వస్తువు మీకు అర్థమైనట్టే. చెప్పలేకపోతే మీకు తెలిసింది వస్తువు కాదు, దాని ప్రకటన.

మనుషుల విషయంలో అయితే ఒక్క ప్రశ్న చాలు. నిన్నటికీ ఇవాల్టికీ మారింది మనిషా, మెడలో వేసిన బోర్డా?